హోసూరు సెట్ చేసుకున్న క్రియ

హోసూరు బస్టాండులో పక్కవాడి ఫోను మాటలు చెవిన పడితే అతనిది ఏ భాషో తేల్చుకోవడానికి ఒక వాక్యం చాలదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బేరంలో కన్నడం ఒకే మనిషి నోట వినిపించే ఊరు అది. బెంగళూరికి నలభై కిలోమీటర్ల దూరం, ఉన్నది తమిళనాడులోని కృష్ణగిరి జిల్లా, ఆ జిల్లాకి ఒక పక్క మన కుప్పం. ఈ మూడు భాషలూ ఎక్కడ విడిపోతాయో ఎవరైనా చెప్పగలరు. ఎక్కడ కలుస్తాయో చూడాలంటే ఒక బుల్లి ఇంగ్లీషు క్రియని పట్టుకోవాలి. సెట్. పని కుదిరితే తమిళుడు "సెట్ ఆచ్చు" అంటాడు, కన్నడిగుడు "సెట్ ఆయ్తు" అంటాడు, తెలుగువాడు "సెట్ ఆయ" అంటాడు. తానే పూనుకుని కుదిర్చేదైతే వరసగా "సెట్ పణ్ణు", "సెట్ మాడు", "సెట్ చెయ్". వాచీ కంపెనీలో, లేతు షాపులో, మామిడి మండీలో, కోర్టు వరండాలో, పెళ్లి సంబంధాల దగ్గర ఇదే మాట. ఏ రెండు చోట్లా ఒకే అర్థం కాదు. అయినా ఎవరూ తడబడరు. ఇంత పనితనం ఉన్న మాటని మనం చిల్లర మాటగా చూస్తున్నామని నాకు అనిపిస్తుంది. కాస్త దగ్గరగా చూద్దాం.

ముందు దాని పుట్టిల్లు. ఇంగ్లీషులో "సిట్" అంటే కూర్చోవడం, "సెట్" అంటే కూర్చోబెట్టడం. ఒకే ధాతువుకి పుట్టిన జంట ఇది, రెండోది మొదటిదానికి ప్రేరణార్థకం. పాత ఇంగ్లీషులో అది "సెట్టన్". ఆ ఒక్క అర్థం నుంచి మాట ఎంత దూరం పోయిందంటే, 1928లో పూర్తయిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువులో అన్నిటికంటే పొడవైన పద వివరణ దీనిదే అయింది. 1989 నాటి రెండో ముద్రణలో ఈ ఒక్క క్రియకి దాదాపు 430 అర్థాలు, సుమారు 60,000 మాటల వివరణ. ఒక చిన్న నవల అంత. తరవాత సవరణల్లో "రన్" దాన్ని దాటేసింది. ఆ క్రియకి 645 అర్థాలు తేల్చడానికి పీటర్ గిలివర్ అనే సంపాదకుడు తొమ్మిది నెలలు పనిచేశాడు. యంత్రాల కాలం కదా, పరుగెత్తే మాట గెలవడం సహజమే. అయినా నా ఓటు సెట్‌కే. "రన్" సాగిపోయే మాట. "సెట్" నిలిపే మాట. వస్తువుని దాని చోట కూర్చోబెట్టి, మళ్లీ కదలకుండా చూసే మాట. పనివాళ్ల ఊరికి కావలసింది అదే.

ఇంగ్లీషువాడు ఈ క్రియతో ఒక సౌకర్యం అనుభవిస్తాడు. వాచీని ఎవరో సెట్ చేసినా, సిమెంటు తనంతట తాను సెట్ అయినా అతనికి మాట ఒకటే, రూపం ఒకటే. భూతకాలంలోనూ మారదు. మన చెవికి అది సరిపోదు. అమరడం వేరు, అమర్చడం వేరు. కుదరడం వేరు, కుదర్చడం వేరు. నిలవడం వేరు, నిలపడం వేరు. తనంతట జరిగిందా, ఒకరు జరిపించారా అన్నది తెలుగు క్రియ తన ఒంటి మీదే రాసుకుంటుంది. అందుకే సెట్ మన దగ్గరికి రాగానే దానికి రెండు పిడులు తగిలించాం. "అవు" ఒకటి, "చేయు" ఒకటి. "జాబ్ సెట్ అయింది" అంటే పని కుదురుకుంది. "జాబ్ సెట్ చేశాడు" అంటే దాని వెనక ఒక మనిషి ఉన్నాడు. ఇంగ్లీషు పట్టించుకోని తేడాని మనం దాని మెడకి కట్టి వాడుకుంటున్నాం. మాటని అరువు తెచ్చుకున్నాం గాని వ్యాకరణం మనదే. పైగా ఆ "ఆచ్చు", "ఆయ్తు", "ఆయ" మూడూ ఒకే ద్రావిడ ధాతువు పిల్లలు. తమిళంలో "ఆకు", కన్నడంలో "ఆగు", తెలుగులో "అగు". బస్టాండులో ముగ్గురు మూడు భాషల్లో మాట్లాడుతున్నామనుకుంటూ వాడుతున్నది ఒకే పాత తోకని. ఇలాంటి ధాతువుల లెక్క తెలుగుకి శాస్త్రీయంగా తేల్చినవారు భద్రిరాజు కృష్ణమూర్తి. తెలుగు క్రియాధాతువుల మీద ఆయన ఇంగ్లీషు గ్రంథం 1961లో వచ్చింది.

ఇక హోసూరు పనిలోకి వెళ్దాం. సెట్ అన్న మాటకి ఈ ఊళ్లో అందరికీ తెలిసిన అర్థం వాచీలోది. టాటా గ్రూపు, తమిళనాడు పారిశ్రామిక అభివృద్ధి సంస్థ కలిసి 1984లో పెట్టిన టైటాన్ కంపెనీ ఫ్యాక్టరీ ఇక్కడే. టైము సెట్ చేయడమంటే మనకి కీ లాగి తిప్పడం, మళ్లీ నొక్కేయడం, అంతే. లోపల జరిగేది అంత మామూలు సంగతి కాదు. క్వార్ట్జ్ వాచీలో స్ఫటికపు ముక్క సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. రెండుని పదిహేను సార్లు హెచ్చవేస్తే వచ్చే సంఖ్య అది. అందుకే ఆ సంఖ్యని పదిహేను సార్లు సగం చేస్తూ పోతే సరిగ్గా సెకనుకి ఒక్క తాకిడి మిగులుతుంది. ఆ తాకిడికి బుల్లి మోటారు ఒక అడుగు వేస్తుంది, సెకన్ల ముల్లు కదులుతుంది. ఇంత కచ్చితంగా నడిచేదాన్ని మనం మొరటుగా వేలితో తిప్పేస్తాం. అయినా దాని పళ్లు విరగవు. ఎందుకు విరగవో చూడండి.

కీ బయటికి లాగగానే సెట్టింగ్ లివర్ అనే చిన్న రేకు పక్కకి తిరుగుతుంది. అది మరో మీటని నెడుతుంది. కీ కడ్డీ మీద జారే పళ్లచక్రం ముందుకు జరిగి ముళ్లని తిప్పే పళ్లకి తగులుకుంటుంది. చాలా వాచీల్లో అదే క్షణంలో సెకన్ల ముల్లు కూడా ఆగిపోతుంది. అసలు కిటుకు ఇంకో చోట ఉంది. నిమిషాల ముల్లుని మోసే చిన్న గొట్టం తన ఇరుసు మీద బిగుతుగా కూర్చుంటుంది గాని అతికి ఉండదు. మామూలుగా ఇరుసుతోపాటే తిరుగుతుంది. మనం కీ తిప్పినప్పుడు మాత్రం ఇరుసుని వదిలి దాని మీద జారుతుంది. ఆ పట్టు కాస్త ఎక్కువైతే సెట్ చేసేటప్పుడు పళ్ల మీద బరువు పడుతుంది. కాస్త తక్కువైతే వాచీ నడుస్తూనే ఉంటుంది, ముళ్లు మాత్రం వెనకబడతాయి. నడిచేటప్పుడు పట్టుకోవాలి, సెట్ చేసేటప్పుడు వదలాలి. ఈ రెండు గుణాలూ ఒకే రాపిడిలో ఉండాలి. టైటాన్ 2002లో తెచ్చిన ఎడ్జ్ వాచీ మొత్తం మందం 3.5 మిల్లీమీటర్లు, లోపలి యంత్రం మందం 1.15 మిల్లీమీటర్లు. అంత సన్నటి చోట్లో ఈ పట్టూ విడుపూ కుదర్చడాన్ని నేను ఈ దేశపు చక్కటి పనితనాల్లో ఒకటిగా లెక్కిస్తాను.

అదే కంపెనీ తనిష్క్ పేరుతో 1994 నుంచి నగలు అమ్ముతోంది, వాటి తయారీ కేంద్రం కూడా హోసూరులోనే ఉంది. అక్కడికి వెళ్తే సెట్ అర్థం మారిపోతుంది. ఇప్పుడది బంగారంలో రాయిని కూర్చోబెట్టడం. నగల షాపులో మనవాళ్లు "క్లోజ్డ్ సెట్టింగా, ఓపెన్ సెట్టింగా" అని అడుగుతారు. రాయి అడుగు మూసి ఉంటే మొదటిది, కింద నుంచి వెలుగు లోపలికి వెళ్లే దారి ఉంటే రెండోది. నాలుగైదు సన్నటి కాళ్లు రాయిని పట్టుకునే పద్ధతిలో పనివాడు ముందు రాయిని ముట్టుకోడు. కాళ్ల లోపలి వైపు, అన్నిటికీ ఒకే ఎత్తులో, రాయి నడుము ఆనే గాడి తీస్తాడు. ఆ గాడికి ఈ వృత్తిలో ఇంగ్లీషు పేరు "సీట్". సిట్, సెట్, సీట్ మూడూ ఒకే ధాతువు సంతానం. కంసాలి పట్టెడ మీద ఈ ముగ్గురూ ఒక చోట కలుస్తారు. సీటు సరిగా ఉంటేనే రాయి కూర్చుంటుంది, కూర్చుంటేనే సెట్ అవుతుంది. తరవాత ఎదురెదురు కాళ్లని జతలుగా, ఒక్కోసారి కొంచెం కొంచెంగా లోపలికి ఒంచుతాడు. ఒక వైపు పూర్తిగా ఒంచేసి రెండో వైపుకి వస్తే రాయి వాలుతుంది. వజ్రం ఎంత గట్టిదైనా సరైన కోణంలో దెబ్బ తగిలితే చీలుతుంది. పచ్చ అంతకన్నా పెళుసు. కాబట్టి చేతికి కావలసింది బలం కాదు, ఎక్కడ ఆపాలో తెలియడం.

ఇక్కడ తెలుగు తన దగ్గరున్న ఒక మాటని బయటికి తీసింది, నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపెట్టింది అదే. రాళ్లు "పొదగడం". కోడి గుడ్ల మీద కూర్చోవడం కూడా "పొదగడమే". రాయికీ గుడ్డుకీ మన పూర్వులు ఒకే క్రియ వాడారు. ఇది మన భాషకే ఉన్న చమత్కారం అనుకుంటే పొరపాటు. ఇంగ్లీషులోనూ కోడిని గుడ్ల మీద కూర్చోబెట్టడం "సెట్"టే. ఒక కోడి కిందకి పెట్టే గుడ్ల జట్టు "సెట్టింగ్". ఉంగరంలో రాయి కూర్చున్న గూడూ "సెట్టింగ్". వేల మైళ్ల దూరంలో, ఒకరి గురించి ఒకరికి తెలియని రెండు భాషలు రాయినీ గుడ్డునీ ఒకే చూపు చూశాయి. మెత్తగా చుట్టూ పట్టుకో, కదలనీకు, పగలనీకు.

ఇది ఊరికే నిఘంటువు సరదా కాదు, హోసూరులో దీనికి యంత్రం కూడా ఉంది. మత్తిగిరిలో తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయంవారి కోళ్ల ఉత్పత్తి కళాశాల ఉంది. కోళ్ల శాస్త్రం చదివిన ఎవరిని అడిగినా హ్యాచరీలో రెండు పెట్టెలుంటాయని చెబుతారు. మొదటిది సెట్టర్, రెండోది హ్యాచర్. గుడ్డు మొదటి పద్దెనిమిది రోజులు సెట్టర్‌లో, చివరి మూడు రోజులు హ్యాచర్‌లో. సెట్టర్‌లో వేడి దాదాపు 37.5 డిగ్రీలు. ట్రేలు గంటకోసారి అటూ ఇటూ వాలుతూ ఉంటాయి. తిప్పకపోతే పిండం పొరకి అంటుకుపోతుంది. పెట్ట కూడా పొదిగేటప్పుడు ముక్కుతో గుడ్లని దొర్లిస్తూనే ఉంటుంది. పల్లెలో కోడిని పొదగేసే ముసలమ్మ చేసేదీ, ఈ ఇనప పెట్టె చేసేదీ ఒకటే. పేరు కూడా, అనువాదంలో, ఒకటే.

సిప్కాట్ పారిశ్రామికవాడకి వస్తే సెట్టర్ అంటే పెట్టె కాదు, మనిషి. ఫ్యాక్టరీ గేట్ల మీద అంటించే ఉద్యోగ ప్రకటనల్లో "సిఎన్‌సి సెట్టర్ కమ్ ఆపరేటర్" అని ఉంటుంది. అశోక్ లేలాండ్, టీవీఎస్ మోటార్ వంటి పెద్ద కంపెనీల చుట్టూ వాటికి విడిభాగాలు చేసే చిన్న షాపులు పెరిగిన ఊరు ఇది. ఆ షాపుల్లో ఆపరేటర్‌కీ సెట్టర్‌కీ తేడా పెద్దది. ఆపరేటర్ ముక్క పెడతాడు, మీట నొక్కుతాడు, ముక్క తీస్తాడు. సెట్టర్ ఆ మీట నొక్కడానికి అర్హత సంపాదించి పెడతాడు. ముక్కని పట్టుకునే చక్‌కి దవడలు బిగించి, ముక్క వ్యాసానికి సరిపడేలా వాటిని అక్కడే తొలిచి, ముక్కని పట్టి, డయల్ గేజి ఆనించి తిప్పి చూస్తాడు. ముల్లు ఊగితే ముక్క మధ్యలో లేనట్టు. తరవాత ఒక్కో టూలు మొన ముక్కకి ఎంత దూరంలో ఉందో యంత్రానికి చెబుతాడు. ముక్క మీద సున్నా ఎక్కడో నిర్ణయిస్తాడు. సెట్టింగ్ మొత్తానికి ఇదే గుండెకాయ. యంత్రానికి తన సున్నా తెలుసు గాని ముక్క సున్నా తెలీదు. ఈ రెండు సున్నాల మధ్య దూరాన్ని సెట్టర్ కొలిచి రాస్తాడు. అక్కడ మిల్లీమీటరులో వందో వంతు తప్పినా చేసిన ప్రతి ముక్కా అదే తప్పుతో, ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు, ఎంతో క్రమశిక్షణతో పాడవుతుంది.

అందుకే "ఫస్ట్ పీస్ ఓకే" అన్న మాట కోసం షాపు మొత్తం ఎదురుచూస్తుంది. మొదటి ముక్క తనిఖీ గదికి వెళ్లి వచ్చేదాకా యంత్రం ఊరికే నిలబడి ఉంటుంది, యజమాని గడియారం చూస్తూ ఉంటాడు. ఈ ఊరికే నిలబడే సమయం మీదే జపాన్ ఇంజనీరు షిగియో షింగో జీవితంలో చాలా భాగం పనిచేశాడు. 1969లో టొయోటాలో వెయ్యి టన్నుల ప్రెస్సుకి అచ్చు మార్చడానికి నాలుగు గంటలు పట్టేది. దాన్ని ముందు గంటన్నరకి, చివరికి మూడు నిమిషాలకి దించారు. ఆయన చూపించిన దారి వింటే మామూలుగానే ఉంటుంది. యంత్రం ఆగితేనే చేయగలిగే పనులేవి, నడుస్తుండగానే చేసిపెట్టుకోగలిగేవి ఏవి అని విడదీయడం, మొదటి రకాన్ని వీలైనంత రెండో రకంలోకి మార్చడం. సెట్ అన్న మాటలో దాగిన కాలాన్ని ఆయన బయటికి లాగి కొలిచాడు.

సెట్‌లో ఇంకో చిన్న అర్థం ఉంది. ఫ్యాక్టరీ పని తెలిసినవాళ్లు కూడా దాన్ని మరిచిపోతుంటారు గాని వడ్రంగికి తెలుసు. రంపం పళ్లు అన్నీ ఒకే వరసలో ఉండవు, ఒకటి కుడికి, ఒకటి ఎడమకి కాస్త ఒరిగి ఉంటాయి. ఆ ఒంపు పేరు ఇంగ్లీషులో సెట్. దానివల్ల కోత రంపపు రేకు కంటే వెడల్పుగా పడుతుంది, రేకు కర్రలో ఇరుక్కోదు. ఇన్ని అర్థాల్లోనూ సెట్ అంటే తిన్నగా కూర్చోబెట్టడం. ఇక్కడ మాత్రం కావాలని వంకర చేయడం. అయినా లెక్క తప్పలేదు. ఎంత వంకర ఉండాలో అంతే వంకరలో నిలపడం కూడా సెట్ చేయడమే.

మేస్త్రీ సెట్ వేరు. సిమెంటు సెట్ అవడమంటే గట్టిపడడం అని మనం అనుకుంటాం. కాదు. మెత్తదనం పోయి ఆకారం నిలవడం సెట్ అవడం, బలం రావడం ఆ తరవాతి సంగతి. ఆ బలాన్ని ఇరవై ఎనిమిదో రోజున పరీక్షించి చూస్తారు. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు అరగంట లోపల సెట్ అవడం మొదలు కాకూడదు, పది గంటలు దాటకుండా పూర్తి కావాలి అని మన ప్రమాణాలు చెబుతాయి. కొలిచేది ఒక సూది. ఫ్రెంచి ఇంజనీరు వికా పేరుతో ఉన్న ఆ సూదిని ముద్దలోకి వదిలి, అడుగుకి ఎంత దూరంలో ఆగిందో చూస్తారు. సెట్ అయిపోయిన మాలులో మళ్లీ నీళ్లు కలిపి వాడే మేస్త్రీని ఇంట్లోకి రానివ్వకండి.

ఇప్పటిదాకా నేను మెచ్చుకున్నవన్నీ ఇంగ్లీషు మాటకి సొంత పని ఉన్న చోట్లు. కృష్ణగిరి మామిడి తోటలోకి వెళ్తే నా అభిప్రాయం మారుతుంది. తోతాపురి పండించి గుజ్జు ఫ్యాక్టరీలకి తోలే జిల్లా ఇది. పూత దశలో ఉద్యానవనాల అధికారులు "ఫ్రూట్ సెట్టింగ్ ఎలా ఉంది" అని అడుగుతారు. రైతు దగ్గర అంతకంటే మంచి సరుకుంది. పూత పిందెగా మారితే "పిందె కట్టింది" అంటాడు. కట్టిన పిందె రాలకుండా మిగిలితే "నిలిచింది" అంటాడు. ఒక మామిడి పూగుత్తిలో వందల్లో, ఒక్కోసారి వేలల్లో పూలుంటాయి. వాటిలో చాలావరకు కాయ కాలేని మగపూలే. ఈగలు వాలి, తేనెమంచు పురుగునీ బూడిద తెగులునీ తప్పించుకుని, చివరికి పండు దాకా వచ్చేవి వెయ్యికి ఒకటో రెండో. అంటే కట్టడానికీ నిలవడానికీ మధ్యే రైతు ఏడాది ఆదాయం ఉంది. ఆ రెండిటినీ కలిపి సెట్ అనేస్తే పోయేది మాట కాదు, సమాచారం. పాలు తోడుకోవడం కూడా అంతే. "పెరుగు సెట్ అయింది" అనడంలో ఆ తోడు చుక్క కనిపించదు. సంబంధం "కుదిరింది" అనడంలో రెండు కుటుంబాల మాటలూ పట్టింపులూ వినిపిస్తాయి, "సెట్ అయింది" అంటే స్క్రూ బిగిసినట్టుంటుంది. నాజూకైన చోట్ల ఈ క్రియ మొద్దుబారుతుందని ఒప్పుకోవాలి.

కోర్టుకి వెళ్తే మళ్లీ పదునెక్కుతుంది. సివిల్ దావాలో పేరు పిలిచినప్పుడు ప్రతివాది రాకపోతే అతన్ని "సెట్ ఎక్స్‌పార్టీ" చేస్తారు. ఇది మన కోర్టుల్లో వాడుకగా స్థిరపడ్డ మాట, గుమాస్తా దగ్గర్నుంచి కక్షిదారు దాకా అందరికీ తెలుసు. అతను లేకుండానే డిక్రీ వస్తుంది. ఆ తరవాత అతను పరుగెత్తుకొచ్చి వేసే అర్జీ పేరు "సెట్ అసైడ్". సివిల్ ప్రొసీజర్ కోడ్ తొమ్మిదో ఆర్డరు పదమూడో రూలు కింద, మామూలుగా డిక్రీ తేదీ నుంచి ముప్పై రోజుల్లో వేసుకోవాలి. ఒకే క్రియ మొదటిసారి మనిషిని బయట కూర్చోబెట్టింది, రెండోసారి డిక్రీని పక్కన పెట్టి మనిషిని లోపలికి రానిచ్చింది. తేడా అంతా వెనక తగిలించిన చిన్న మాటలోనే ఉంది. మన "పెట్టు"కి కూడా ఇదే విద్య తెలుసు, కాకపోతే మనం తగిలించేది ముందు. మొదలుపెట్టు, కనిపెట్టు, వదిలిపెట్టు, నిలబెట్టు, తిప్పలుపెట్టు. సెట్‌కి తెలుగులో అన్నదమ్ముడెవరంటే పెట్టునే చూపిస్తాను.

సెట్‌కి ఒక దగ్గరి బంధువు ఈ జిల్లా చరిత్రలోనే ఉంది. "సెటిల్" కూడా ఆసనం అన్న అర్థమున్న పాత ఇంగ్లీషు మాట నుంచి వచ్చింది, అంటే సిట్ వంశమే. 1792లో టిప్పు సుల్తాను శ్రీరంగపట్నం సంధి కింద వదులుకున్న బారామహల్ ప్రాంతంలోదే కృష్ణగిరి. ఈస్టిండియా కంపెనీ తరఫున అలెగ్జాండర్ రీడ్, అతని కింద ధర్మపురిలో థామస్ మన్రో 1799 దాకా ఇక్కడ పొలం పొలమూ కొలిపించి, మధ్యలో జమీందారు లేకుండా రైతుతోనే శిస్తు మాట్లాడే పద్ధతికి రూపు కట్టారు. దాని పేరే రైత్వారీ సెటిల్మెంట్. మన్రో 1800లో దత్తమండలాల కలెక్టరుగా వచ్చి దాన్ని రాయలసీమలో అమలు చేశాడు. అంటే మన కడప, బళ్లారి పొలాలకి శిస్తు లెక్క రాసిన చెయ్యి, ఆ లెక్క నేర్చుకున్నది కృష్ణగిరి, ధర్మపురి చేలల్లో. ఇవాళ తెలుగు సినిమాలో సెటిల్మెంట్ అంటే సుమోలు దిగి తొడ కొట్టే వ్యవహారం. మాటకి ఇంతకంటే పతనం ఉండదు.

ఇంతా చెప్పి ఒక ప్రశ్నకి జవాబు చెప్పకపోతే హోసూరువాళ్లు ఊరుకోరు. సెట్ దోసె సంగతేమిటి? సాగు అనే కూరతోపాటు రెండో మూడో మెత్తటి దోసెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఇచ్చే ఆ వంటకం కన్నడ దేశం వైపు నుంచి హైవే దిగి వచ్చింది. ఆ పేరులోని సెట్ మన క్రియ కాదు. జట్టు అన్న అర్థమిచ్చే ఆ నామవాచకం ఫ్రెంచి మీదుగా లాటిన్ నుంచి వచ్చింది, రూపం ఒకటే కావడంతో ఇంగ్లీషులో ఈ క్రియతో కలగలిసిపోయింది. కాబట్టి సెట్ దోసెని ఈ వ్యాసంలో లెక్కలోకి తీసుకోలేదు. హోటల్లో మాత్రం తీసుకోవచ్చు.

చివరగా ఒక విన్నపం. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ కోసం భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తి పదకోశం మొదలుపెట్టారు. వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వచ్చాయి. రైతునీ సాలెనీ వాళ్ల పని దగ్గరే కలిసి మాటలు సేకరించిన పుస్తకాలవి. లేతు షాపు తెలుగుకి, హ్యాచరీ తెలుగుకి, రాళ్లు పొదిగే పట్టెడ తెలుగుకి అలాంటి పుస్తకం కావాలి. ఆ పని హోసూరులో మొదలైతే తమిళం, కన్నడం, తెలుగు మూడు నిలువు వరసల్లో పక్కపక్కనే రాసుకోవచ్చు, అలాంటి వీలు హైదరాబాదుకి గాని విజయవాడకి గాని లేదు. కృష్ణగిరి జిల్లాలో తెలుగు చెప్పే పంతుళ్లూ, రాసే కుర్రాళ్లూ ఈ సంగతి ఆలోచించాలి. దీనికి నిధులూ సంఘాలూ తరవాత చూసుకోవచ్చు. ముందు సిప్కాట్‌లో షిఫ్టు మారే వేళకి ఒక నోటుపుస్తకం పట్టుకుని టీ కొట్టు దగ్గర కూర్చుని, ఒక సెట్టర్‌ని పలకరించండి.